చెవి మూయని హెడ్‌ఫోన్లు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

బోన్ కండక్షన్ హెడ్‌ఫోన్ల గురించి పాఠకులు పంపిన ఉత్తరాలను ఒకచోట చేర్చి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాము. ఎముక ద్వారా శబ్దాన్ని పంపే ఈ పరికరం కొందరికి ఎంతో మేలు చేస్తుంది, మరికొందరికి డబ్బు దండగ అవుతుంది. మీరు ఎక్కడ కూర్చుని, ఏ శబ్దాల నడుమ వింటారన్నదే ఆ తేడాను నిర్ణయిస్తుందని మా అభిప్రాయం. ఉత్తరాల్లోని వ్యక్తిగత వివరాలు తీసివేసి, ఊరి పేరు మాత్రమే ఉంచాము.

ప్రశ్న: రోజూ తెల్లవారుజామున కాలువ పక్క రోడ్డు మీద నడుస్తూ ప్రవచనాలు వింటాను. ఇయర్‌బడ్స్ పెట్టుకుంటే వెనుక వచ్చే బండ్ల చప్పుడు వినిపించడం లేదని మా అబ్బాయి కోప్పడుతున్నాడు. దుకాణంలో బోన్ కండక్షన్ హెడ్‌ఫోన్ చూపించి, దీని శబ్దం కర్ణభేరికి తగలదు కనుక ఎంత గట్టిగా విన్నా చెవికి హాని లేదన్నారు. నమ్మవచ్చునా? (పాఠకురాలు, విజయవాడ)

జవాబు: మీ అబ్బాయి మాట పూర్తిగా నిజం, దుకాణదారు మాటలో సగమే నిజం.

మామూలుగా శబ్దం గాలిలో ప్రయాణించి, చెవి గొట్టం గుండా కర్ణభేరిని తాకి, దాని వెనుక ఉన్న కూటకం, దాగలి, అంకవన్నె అనే మూడు చిన్న ఎముకల మీదుగా లోపలి చెవిలోని కర్ణావర్తానికి, అంటే డాక్టర్లు కాక్లియా అని పిలిచే భాగానికి, చేరుతుంది. బోన్ కండక్షన్ హెడ్‌ఫోన్ చెవి లోపలికి వెళ్లదు. చెవికి కాస్త ముందు, చెంప ఎముక మీద ఆని, శబ్దాన్ని సన్నని ప్రకంపనగా మార్చి పుర్రె ఎముకలకు అందిస్తుంది. ఆ ప్రకంపనలో ఎక్కువ భాగం కర్ణభేరితో పని లేకుండానే కర్ణావర్తంలోని ద్రవాన్ని కదిలిస్తుంది. ఇదేమీ మన శరీరానికి కొత్త కాదు. మనం మాట్లాడేటప్పుడు మన గొంతు మనకు కొంత గాలి ద్వారా, కొంత ఎముక ద్వారా వినిపిస్తుంది. రికార్డు చేసిన మన గొంతు మనకే పరాయిగా, పీలగా తోచడానికి కారణం అందులో ఎముక ద్వారా వచ్చే భాగం లేకపోవడమే. చెవి వైద్యులకైతే ఈ దారి ఎప్పటినుంచో తెలుసు. 1855లో జర్మన్ వైద్యుడు రిన్నె వివరించిన పరీక్షలో, మోగుతున్న శ్రుతిదండాన్ని మొదట చెవి వెనుక ఎముక మీద ఆనించి, తరువాత చెవి ముందు గాలిలో పట్టుకుని, ఏ చోట బాగా వినిపిస్తోందో రోగిని అడుగుతారు. ఆ పరీక్ష ఈనాటికీ ప్రతి ఈఎన్‌టీ గదిలోనూ జరుగుతూనే ఉంది.

చెవి గొట్టం తెరిచే ఉంటుంది కనుక వెనుక వచ్చే ఆటో, పక్కనుంచి దూసుకొచ్చే సైకిల్, మిమ్మల్ని పిలిచే మనిషి అన్నీ మీకు వినిపిస్తాయి. మీ అవసరానికి ఇది సరైన పరికరమే.

ఇక హాని సంగతి. దారి వేరైనా శబ్దం చేరే చోటు ఒక్కటే. హంగరీకి చెందిన శాస్త్రవేత్త గెయోర్గ్ ఫాన్ బెకెషి, ఎముక ద్వారా వచ్చే స్వరాన్ని గాలి ద్వారా వచ్చే అదే స్వరంతో పూర్తిగా రద్దు చేయవచ్చునని 1932లో చూపించాడు. రెండు శబ్దాలూ కర్ణావర్తంలో ఒకే పొరను ఒకే తీరుగా కదిలిస్తేనే అది సాధ్యమవుతుంది. కర్ణావర్తం పనితీరును కనుగొన్నందుకే ఆయనకు 1961లో నోబెల్ బహుమతి వచ్చింది. పెద్ద శబ్దానికి ముందుగా దెబ్బతినేది కర్ణభేరి కాదు, ఆ కర్ణావర్తంలో శబ్దాన్ని అందుకునే రోమకణాలు. ఒక్కో చెవిలో అవి సుమారు 15,000 ఉంటాయి. మనుషుల్లో ఒకసారి చనిపోయిన రోమకణం మళ్లీ పుట్టదు. కనుక ‘కర్ణభేరికి తగలదు, కాబట్టి హాని లేదు’ అన్న వాదన పునాదిలోనే తప్పు. ఈ మాటను అమ్మకానికి వాడుతున్నవారిని చూస్తే మాకు బాధ కలుగుతుంది, ఎందుకంటే అది నమ్మినవారు వాల్యూమ్ పెంచడానికి వెనుకాడరు.

పెద్దవారికి వారానికి 40 గంటలపాటు సగటున 80 డెసిబెల్‌లు మించని శబ్దం సురక్షితమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ప్రతి 3 డెసిబెల్‌ల పెరుగుదలకు ఆ సమయం సగానికి తగ్గుతుంది. 90 డెసిబెల్‌ల దగ్గర అది వారానికి నాలుగు గంటలే. అయితే ఫోన్‌లో కనిపించే డెసిబెల్ అంకె గాలి ద్వారా వినే హెడ్‌ఫోన్ల లెక్క కనుక ఎముక ద్వారా వినేటప్పుడు దాన్ని నమ్ముకోకండి. ఇంట్లో, నిశ్శబ్దంగా ఉన్న గదిలో, మాట స్పష్టంగా అర్థమయ్యే కనీస వాల్యూమ్ ఎంతో చూసుకుని, రోడ్డు మీద అంతకు ఒకటి రెండు మెట్లు మించకుండా వినండి. పెద్ద లారీ పక్కనుంచి వెళ్లేటప్పుడు ప్రవచనంలో రెండు మాటలు పోతే పోనివ్వండి, వాల్యూమ్ మీద చెయ్యి వేయవద్దు.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో 1,200 రూపాయలకు బోన్ కండక్షన్ హెడ్‌ఫోన్ కొన్నాను. పెట్టె మీద ఆ మాటే ఉంది. హాస్టల్లో స్నేహితుడు మాత్రం ఇది అసలుది కాదంటున్నాడు. తెలుసుకునే మార్గం ఉందా? (విద్యార్థి, వరంగల్)

జవాబు: ఉంది, దానికి ఏ పరికరమూ అక్కర్లేదు, మీ వేళ్లు చాలు.

ముందు ఈ మోసం స్వభావం చెప్పాలి. చెంప మీద ఆనుకునే రూపంలో, మెడ వెనుక పట్టీతో, చూడటానికి అచ్చం అసలు దానిలాగే ఉండి, లోపల మాత్రం చెవి వైపు తిప్పిన మామూలు చిన్న స్పీకరు పెట్టిన వస్తువులు మార్కెట్లో విరివిగా ఉన్నాయి. చెవి తెరిచే ఉంచి గాలి ద్వారా వినిపించే హెడ్‌ఫోన్లు ఒక మంచి రకమే, వాటిని ‘ఓపెన్ ఇయర్’ అని చెప్పి అమ్మే కంపెనీలను తప్పు పట్టనక్కర్లేదు. దాన్ని బోన్ కండక్షన్ అని చెప్పి అమ్మడమే మోసం.

హెడ్‌ఫోన్ పెట్టుకుని, ఎవరైనా మాట్లాడుతున్న రికార్డింగు ఒకటి మధ్యస్థమైన వాల్యూమ్‌లో మొదలుపెట్టండి. రెండు చెవులనూ వేళ్లతో గట్టిగా మూయండి. మూసేటప్పుడు చెంప మీద ఆనిన మెత్త కదలకుండా చూసుకోండి. అసలు బోన్ కండక్షన్ అయితే శబ్దం తగ్గదు సరికదా, గొంతు మరింత దగ్గరగా, బరువుగా వినిపిస్తుంది. ఎముక ప్రకంపన వల్ల చెవి గొట్టం గోడలు కూడా కొద్దిగా కంపిస్తాయి. చెవి తెరిచి ఉన్నప్పుడు అలా పుట్టిన మంద్రధ్వని బయటకు పోతుంది, మూసినప్పుడు బయటకు పోలేక కర్ణభేరి మీదికే వస్తుంది. చెవులు మూసుకుని మనం హమ్మని కూనిరాగం తీస్తే గొంతు బరువెక్కినట్టు వినిపించేది కూడా ఇందువల్లనే. మీ దగ్గరున్నది స్పీకరు రకమైతే, చెవులు మూయగానే శబ్దం బాగా పడిపోతుంది.

ఇంకా అనుమానముంటే చెవులు మూసుకునే ఉండి, స్నేహితుణ్ణి మెత్తను మీ నుదుటి మీద గట్టిగా ఆనించమనండి. నుదుటి మీద కూడా పాట వినిపిస్తే అది నిజమైనది. స్పీకరు రకానికి చెవి వైపు చిన్న చిల్లులో, సన్నని జల్లెడ వంటి మూతో ఉంటుంది. అసలు దానికి సాధారణంగా చర్మానికి ఆనే వైపు మూసిన మెత్త ఉంటుంది. ఇక్కడ ఒక మినహాయింపు ఉంది. షాక్స్ కంపెనీ 2024లో తెచ్చిన ఓపెన్‌రన్ ప్రో 2లో మంద్రధ్వనికి గాలి స్పీకరును, మిగతా శబ్దానికి ఎముక ప్రకంపనను కలిపి వాడారు. అటువంటి వాటికి చిల్లులు ఉన్నంత మాత్రాన నకిలీ అనుకోరాదు, వేళ్లతో చేసే పరీక్షే ముఖ్యం.

మీ వస్తువు పరీక్షలో ఓడిపోయి, తిరిగి ఇచ్చే గడువు ఇంకా మిగిలి ఉంటే, పెట్టె మీద రాసిన దానికి, లోపలి వస్తువుకు పొంతన లేదని కారణం రాసి తిప్పి పంపండి.

ప్రశ్న: ఎల్బీ నగర్ నుంచి మియాపూర్ వైపు రోజూ మెట్రోలో ఆఫీసుకు వెళతాను. మంచి కంపెనీ బోన్ కండక్షన్ హెడ్‌ఫోనే కొన్నాను. ఇంట్లో బాగానే ఉంది, రైల్లో మాత్రం మాట సరిగ్గా వినిపించడం లేదు, వాల్యూమ్ పూర్తిగా పెంచాల్సి వస్తోంది. నాకు వచ్చిన పీసులో లోపముందా? (పాఠకుడు, హైదరాబాద్)

జవాబు: లోపం లేదు. చెవి తెరిచి ఉంచే పరికరాన్ని మీరు చెవి మూయవలసిన చోట వాడుతున్నారు, అంతే. రైలు పెట్టె చప్పుడు, ప్రకటనలు, పక్కవారి మాటలు అన్నీ తెరిచి ఉన్న చెవిలోకి అడ్డు లేకుండా వస్తున్నప్పుడు వాటికి మించి వినిపించాలంటే వాల్యూమ్ పెంచడం తప్ప దారి లేదు, అలా రోజూ రెండు పూటలా వింటే పైన విజయవాడ పాఠకురాలికి చెప్పిన హాని మీకే ఎక్కువ. పైగా పూర్తి వాల్యూమ్‌లో మెత్త చెంప మీద గిలిగింతలు పెట్టినట్టు కంపిస్తుంది, కొంత శబ్దం బయటకు పొర్లి పక్క సీటువారికి కూడా వినిపిస్తుంది.

కొన్ని కంపెనీలు పెట్టెలోనే మెత్తని ఇయర్‌ప్లగ్‌లు ఇస్తాయి. అవి పెట్టుకుంటే బయటి చప్పుడు తగ్గి, ఇందాక చెప్పిన కారణం చేత మంద్రధ్వని పెరిగి, చాలా తక్కువ వాల్యూమ్‌లోనే మాట స్పష్టంగా వినిపిస్తుంది. రైలు ఎక్కి కూర్చున్నాక పెట్టుకుని, దిగే ముందు స్టేషన్లో తీసేస్తే మీ సమస్య తీరుతుంది. ఇయర్‌ప్లగ్‌లతో ప్లాట్‌ఫారం మీద, రోడ్డు మీద నడవవద్దు. ఇది రోజువారీ చాకిరీగా తోస్తే, మెట్రోకు బయటి శబ్దాన్ని తగ్గించే మామూలు హెడ్‌ఫోన్ ఒకటి ఉంచుకోవడమే మేలు.

ప్రశ్న: మా నాన్నగారికి 72 ఏళ్లు. టీవీ శబ్దం బాగా పెంచుతున్నారు, పిలిస్తే రెండు మూడు సార్లకు గాని పలకడం లేదు. వినికిడి మెషిన్ అంటే ఆయనకు ఇష్టం లేదు. దాని బదులు బోన్ కండక్షన్ హెడ్‌ఫోన్ కొనిస్తే సరిపోతుందా? (పాఠకురాలు, గుంటూరు)

జవాబు: ఈ ప్రశ్న నలుగురైదుగురు అడిగారు, అందుకే కొంచెం విపులంగా రాస్తున్నాము. చెవుడు ఎక్కడ పుట్టిందో తెలియకుండా దీనికి అవుననీ కాదనీ చెప్పలేము.

వినికిడి లోపాలు ప్రధానంగా రెండు రకాలు. చెవి గొట్టంలో గులిమి గట్టిపడటం, కర్ణభేరికి రంధ్రం పడటం, మధ్యచెవిలో ఏళ్ల తరబడి చీము కారడం, మూడు చిన్న ఎముకలు బిగుసుకుపోవడం వంటి కారణాల వల్ల శబ్దం లోపలికి చేరకపోవడం మొదటిది. ఇందులో కర్ణావర్తం బాగానే ఉంటుంది, దారికే అడ్డం పడింది. ఎముక ద్వారా పంపితే శబ్దం ఆ అడ్డాన్ని తప్పించుకుని వెళుతుంది కనుక ఇటువంటివారికి బోన్ కండక్షన్ నిజంగా వినిపిస్తుంది. రెండవది, కర్ణావర్తమో, అక్కడి నుంచి మెదడుకు వెళ్లే నాడో బలహీనపడటం. వయసుతో వచ్చే చెవుడు ఎక్కువగా ఈ రెండో రకం. ఇందులో దారి మార్చినా ప్రయోజనం లేదు, ఎందుకంటే శబ్దాన్ని అందుకోవలసిన రోమకణాలే తగ్గిపోయాయి. ముందుగా పోయేది హెచ్చు శ్రుతి గల సన్నని ధ్వనులు. స, శ, చ, త వంటి హల్లులు చెదిరిపోయి, అచ్చులు మాత్రం మిగులుతాయి. ‘వినిపిస్తోంది గాని అర్థం కావడం లేదు’ అని పెద్దలు అనేది ఇందువల్లనే. మీ నాన్నగారూ ఆ మాట అంటూ ఉంటే, రెండో రకమని అనుమానించవచ్చు.

ఏ రకమో ఆడియోగ్రామ్ చెబుతుంది. చెవికి హెడ్‌ఫోన్ పెట్టి ఒకసారి, చెవి వెనుక ఎముక మీద చిన్న కంపించే బిళ్ల పెట్టి ఒకసారి ఏ స్థాయి నుంచి వినిపిస్తోందో కొలిచి, రెండు గీతలుగా కాగితం మీద గీస్తారు. ఎముక గీత బాగుండి గాలి గీత మాత్రం కిందికి దిగితే మొదటి రకం. రెండూ కలిసి దిగిపోతే రెండో రకం. రెండూ దిగి మధ్యలో ఎడం కూడా ఉంటే మిశ్రమం. మీ ఊళ్లోనే ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి ఈఎన్‌టీ విభాగానికి తీసుకెళ్లి చూపించండి. గులిమి అడ్డమే కారణమైతే దాన్ని తీయించడంతోనే సగం సమస్య తీరవచ్చు. ఏదో ఒక రోజు ఒక చెవి ఉన్నట్టుండి వినిపించకుండా పోతే మాత్రం ఒక్క రోజు కూడా ఆగవద్దు. అది వెంటనే చికిత్స చేయవలసిన పరిస్థితి, ఆలస్యమైన కొద్దీ వినికిడి తిరిగి వచ్చే అవకాశం తగ్గుతుంది.

వైద్యంలో ఎముక ద్వారా వినిపించే పరికరాలు వేరే ఉన్నాయి. 1977లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో మొదటిసారి చెవి వెనుక ఎముకలో టైటానియం మర బిగించి, దానికి వినికిడి పరికరాన్ని తగిలించారు. అవి మనిషి వినికిడిని కొలిచి అమర్చేవి, బయటి మాటను మైకుతో అందుకుని ఎముకకు పంపేవి. మీరు దుకాణంలో కొనే హెడ్‌ఫోన్ దానికి జత చేసిన ఫోను, టీవీ వంటి వాటి శబ్దాన్ని మాత్రమే వినిపిస్తుంది, ఎదుటి మనిషి మాటను కాదు. టీవీకి బ్లూటూత్ ఉండి, మొదటి రకం లోపమని తేలితే, నాన్నగారు టీవీ చూసే సమయానికి అది పనికొస్తుంది. ఇంట్లో మిగతావారికి శబ్దం తగ్గుతుంది. వినికిడి మెషిన్‌కు మాత్రం అది ప్రత్యామ్నాయం కాదు. వద్దంటున్నారని ఊరుకోకుండా, ఆడియాలజిస్టు దగ్గర ఒక్కసారి పెట్టుకుని మనవళ్లతో మాట్లాడి చూడమని బతిమాలండి. మాట అందక మనుషులకు దూరమయ్యే పెద్దలను చూసే ఇంత గట్టిగా చెబుతున్నాము.

ప్రశ్న: నాకు చూపు లేదు. ఫోను తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపించే టాక్‌బ్యాక్ వాడతాను. తెల్ల కర్రతో ఒంటరిగా కాలేజీకి వెళ్లి వస్తాను. ఇది నాకు పనికొస్తుందా? (అధ్యాపకుడు, కరీంనగర్)

జవాబు: ఈ హెడ్‌ఫోన్లు మీకు పనికొచ్చినంతగా ఇంకెవరికీ పనికిరావేమో. కర్ర కొస నేలను తాకే చప్పుడు, గోడ దగ్గరపడినప్పుడు మారే ప్రతిధ్వని, ఎటునుంచి ఏ బండి వస్తోందన్న ఆనవాలు అన్నీ తెరిచి ఉన్న చెవులతోనే తెలియాలి. ఇయర్‌బడ్ ఒక చెవిలోనే పెట్టుకున్నా, శబ్దం ఏ దిక్కునుంచి వస్తోందో పోల్చుకునే శక్తి దెబ్బతింటుంది, దానికి రెండు చెవులూ కావాలి. బోన్ కండక్షన్‌లో రెండూ మీవే.

కొనేముందు మూడు విషయాలు చూసుకోండి. బ్లూటూత్‌లో శబ్దం కొంచెం ఆలస్యంగా వస్తుంది. పాటకు అది తెలియదు గాని, వేలు తాకిన అక్షరాన్ని టాక్‌బ్యాక్ చదివేటప్పుడు ఆ జాప్యం విసిగిస్తుంది. పైగా కొన్ని హెడ్‌ఫోన్లు కాసేపు శబ్దం లేకపోతే నిద్రావస్థలోకి వెళ్లి, మళ్లీ మొదలైనప్పుడు తొలి అక్షరాన్ని మింగేస్తాయి. దుకాణంలో మీ ఫోనుకే జత చేయించుకుని, ఒక సందేశం టైపు చేసి, అర నిమిషం ఆగి మళ్లీ టైపు చేసి చూడండి. తీగతో పనిచేసే రకం దొరికితే ఈ రెండు బాధలూ ఉండవు. రెండవది, మీటలు వేలికి విడివిడిగా తెలియాలి. తాకితే పనిచేసే నునుపు తలం కంటే నొక్కే మీట మీకు మేలు. మూడవది, బ్యాటరీ ఎంత మిగిలిందో మాటలో చెప్పాలి, దీపం రంగుతో కాదు.

రోడ్డు దాటేటప్పుడు టాక్‌బ్యాక్‌ను ఆపండి. చెవి తెరిచి ఉన్నా మనసు మాట వైపు మళ్లుతుంది, ఈ మధ్య వచ్చిన విద్యుత్ ఆటోలు, స్కూటర్లు దాదాపు చప్పుడు లేకుండా వస్తున్నాయి.

ప్రశ్న: బీచ్ రోడ్డులో పరుగు, వారంలో కొన్ని రోజులు ఈత. రెండింటికీ ఒకటే కొనాలనుకుంటున్నాను. ఐపీ 55, ఐపీ 67, ఐపీ 68 అని రాస్తున్నారు. ఏది తీసుకోవాలి? (పాఠకుడు, విశాఖపట్నం)

జవాబు: ఐపీ అన్నది ధూళి, నీటి నుంచి వస్తువుకు ఎంత రక్షణ ఉందో చెప్పే గుర్తు. దాని తరువాత వచ్చే మొదటి అంకె ధూళికి, రెండవది నీటికి. ఆ రెండవ అంకె 5 అంటే నీటి ధారను తట్టుకుంటుంది, 7 అంటే మీటరు లోతు నీటిలో అరగంట మునిగినా చెడదు, 8 అంటే అంతకు మించి, ఎంతో ఆ కంపెనీయే చెప్పాలి. ఖరీదు పెరిగితే నీటి రక్షణ పెరుగుతుందని అనుకోకండి. ఆఫ్టర్‌షాక్స్ పేరుతో ఉండి 2021లో షాక్స్‌గా మారిన కంపెనీనే చూడండి: ఎనిమిది గంటల బ్యాటరీ ఉన్న ఓపెన్‌రన్‌కు ఐపీ 67 ఉండగా, దానికంటే ఖరీదైన, పది గంటల బ్యాటరీ ఉన్న ఓపెన్‌రన్ ప్రోకు ఐపీ 55 మాత్రమే ఉంది. పరుగుకు, చెమటకు, వానకు రెండూ చాలు.

ఈత సంగతి వేరు. బ్లూటూత్ తరంగాలను నీరు పీల్చేసుకుంటుంది కనుక, హెడ్‌ఫోన్ చెడిపోకపోయినా, తల మునిగిన మరుక్షణం గట్టు మీది ఫోనుతో సంబంధం తెగిపోతుంది. పాటలు హెడ్‌ఫోన్ లోపలే నిల్వ ఉండాలి. అదే కంపెనీ ఓపెన్‌స్విమ్‌లో 4 జీబీ నిల్వ ఉంది గాని బ్లూటూత్ లేదు. ఓపెన్‌స్విమ్ ప్రోలో 32 జీబీ నిల్వతోపాటు బ్లూటూత్ కూడా ఉంది కనుక మీరడిగినట్టు రెండింటికీ ఒకటే కావాలంటే అటువంటిదే చూడాలి. అందులోకి ఎక్కేవి మీ దగ్గర ఎంపీ3 వంటి ఫైళ్లుగా ఉన్న పాటలే. నెలవారీ చందా కట్టి వినే యాప్‌లలో దించుకున్నవి ఎక్కవు. కొన్నాక ఈ సంగతి తెలిసి నిరాశపడేవారు ఎక్కువ.

ఐపీ పరీక్షలు మంచినీటితో చేస్తారు. సముద్రపు గాలి, ఉప్పు చెమట, ఈత కొలనులోని క్లోరిన్ ఆ లెక్కలోకి రావు. ఈత అయ్యాక మంచినీటితో కడిగి, పరుగు అయ్యాక తడిగుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరాకనే చార్జింగు పెట్టండి. చార్జింగు కొనల దగ్గర తడి ఉండగా కరెంటు తగిలితే అక్కడి లోహం త్వరగా తుప్పు పడుతుంది. విశాఖ వంటి ఊళ్లో ఈ హెడ్‌ఫోన్లు పాడవడానికి ప్రధాన కారణం ఇదేనని మా నమ్మకం.

ప్రశ్న: కర్ణాటక సంగీతం వినడానికి కొన్నాను. గాత్రం బాగుంది, కచేరీ మాత్రం పీలగా ఉంది. ఏదైనా సర్దుబాటు ఉందా? (పాఠకురాలు, చెన్నై)

జవాబు: కొంతవరకే ఉంది. మంద్రధ్వనిని ఎముకకు అందించాలంటే మెత్త ఎక్కువ దూరం ఊగాలి, అంత ఊగితే చర్మం అదిరి చిరాకు పుడుతుంది కనుక తయారీదారులే దాన్ని తగ్గించి పెడతారు. గాత్రం, వయొలిన్, వేణువు ఉండే మధ్యస్థాయి మాత్రం చక్కగా వస్తుంది. మృదంగం ఎడమ వైపు పలికే గుమికీ, తంబురా మంద్రపు తీగ నిండుదనం, ఘటం పొట్ట మీది దెబ్బ పలచబడతాయి. గదిలో చెవులకు ఇయర్‌ప్లగ్‌లు పెట్టుకుంటే మృదంగం కొంత తిరిగి వస్తుంది. అయినా కచేరీని కచేరీగా వినాలనుకున్న రోజున మంచి స్పీకర్ల ముందో, చెవిని పూర్తిగా కప్పే హెడ్‌ఫోన్‌తోనో కూర్చోండి. వంట చేస్తూ, బట్టలు మడత పెడుతూ కుక్కర్ కూత, గుమ్మం గంట వినిపించేలా ఒక కృతి వినాలనుకున్నప్పుడు మీరు కొన్నదే సరైనది.

ప్రశ్న: కళ్లజోడు, చెవులకు మాటీలు, వెనుక కొప్పు. ఇన్నింటి మధ్య ఇది నిలుస్తుందా? (పాఠకురాలు, రాజమహేంద్రవరం)

జవాబు: నిలుస్తుంది, వరుస తెలిస్తే చాలు. హెడ్‌ఫోన్ ముందు, కళ్లజోడు తరువాత పెట్టుకోండి. తీసేటప్పుడు కళ్లజోడు ముందు. జోడు కాడ హెడ్‌ఫోన్ కొక్కెం మీదుగా పోవాలి గాని, మెత్తకు, చెంపకు మధ్య చిక్కుకోరాదు. చిక్కితే ప్రకంపన జోడుకు పోయి జివ్వుమంటుంది. మెత్త ఉండవలసిన చోటు చెవి రంధ్రానికి ముందు, దవడ కీలుకు కాస్త పైన. నోరు తెరిచి మూసినప్పుడు కదిలే చోట పెడితే మాట్లాడిన ప్రతిసారీ శబ్దం మారుతుంది. మాటీలు చెవి పైనుంచి జుట్టులోకి వెళ్లే చోటే హెడ్‌ఫోన్ కొక్కెం కూడా కూర్చుంటుంది కనుక ఆ రెండూ ఒరుసుకుంటాయి. వినే సమయంలో మాటీలు తీయడమే మంచిది. కమ్మలు, జూకాలతో ఇబ్బంది లేదు. కొప్పు మెడ మీదికి దిగితే పట్టీని వెనక్కి నెడుతుంది, మెత్త ఎముకను వదిలేస్తుంది, శబ్దం సన్నగిల్లుతుంది. కొప్పు కొంచెం పైకి చుట్టుకోండి. పట్టీ పొడవు చిన్నదీ పెద్దదీ రెండు కొలతల్లో దొరికితే రెండూ పెట్టి చూసి కొనండి.

ప్రశ్న: చెవి తెరిచే ఉంటుంది కదా, స్కూటర్ మీద పెట్టుకోవచ్చునా? (పాఠకుడు, తిరుపతి)

జవాబు: వద్దు. హెల్మెట్ లోపలి స్పాంజి మెత్తను కదిలిస్తుంది, వెనుక పట్టీ హెల్మెట్ అంచుకు తగిలి పైకి లేస్తుంది, గాలి హోరులో ఏమీ వినపడక వాల్యూమ్ పెంచుతారు. వీటన్నిటికీ మించి, బండి నడిపేవాడి ధ్యాస బండి మీదే ఉండాలి.

ప్రశ్న: వర్షాకాలం వస్తే చెవిలో దురద, బూజు పట్టిందని డాక్టరు చుక్కల మందు ఇస్తుంటారు. ఇయర్‌బడ్స్ మానేసి ఇవి వాడితే తగ్గుతుందా? (పాఠకురాలు, కాకినాడ)

జవాబు: ఇయర్‌బడ్స్ చెవిలో తేమను, వేడిని నిలవేస్తాయి, ఫంగస్‌కు కావలసినవి అవే. వాటిని మానడం మీకు తప్పకుండా మంచిది, ఎముక ద్వారా వినడం వల్ల చెవి గొట్టం పొడిగా ఉంటుంది. ఇది మందుకు బదులు కాదు, డాక్టరు చెప్పినన్ని రోజులు చుక్కలు పూర్తిగా వాడండి. చెవిలో కొబ్బరినూనె పోయడం, పుల్లతో తీయడం మానండి. చీము కారినా, నొప్పి ఉన్నా మళ్లీ చూపించుకోండి.

ప్రశ్న: మా అత్తగారికి ఈ మధ్యనే పేస్‌మేకర్ అమర్చారు. ఆవిడ ఈ హెడ్‌ఫోన్‌తో భజనలు వింటారు. ప్రమాదమేమీ లేదు కదా? (పాఠకురాలు, కర్నూలు)

జవాబు: ఈ హెడ్‌ఫోన్ల లోపల అయస్కాంతాలు ఉంటాయి, అయస్కాంతం బాగా దగ్గరికి వస్తే పేస్‌మేకర్ తాత్కాలికంగా తన పనితీరు మార్చుకోవచ్చు. తల మీద పెట్టుకుని వినేటప్పుడు దూరం సరిపోతుంది. వినడం ఆపాక ఏం చేస్తారన్నదే జాగ్రత్తగా చూడవలసింది. చాలామంది హెడ్‌ఫోన్‌ను తీసేయకుండా మెడ చుట్టూ వదిలేస్తారు, అప్పుడు రెండు మెత్తలూ జారి కాలర్ ఎముక దగ్గరికి వస్తాయి. పేస్‌మేకర్‌ను సాధారణంగా అమర్చేది ఆ ఎముక కిందనే. మెడలో వేలాడదీయవద్దనీ, జాకెట్లో దోపుకోవద్దనీ, పక్క మీద గుండెల దగ్గర పెట్టుకుని నిద్రపోవద్దనీ ఆవిడకు చెప్పండి. ఛాతీకి కనీసం జానెడు దూరంలో, మంచం పక్క బల్ల మీద పెట్టే అలవాటు చేయండి. మళ్లీ పరీక్షకు వెళ్లినప్పుడు హెడ్‌ఫోన్‌ను కూడా వెంట తీసుకెళ్లి గుండె డాక్టరుకు చూపించండి. ఆవిడకు అమర్చిన పేస్‌మేకర్ రకాన్ని బట్టి ఆయన చెప్పే దూరమే ఖాయం.